చల్లటి ఇంజను

అరచెయ్యి ఇంజను మూత మీద ఆనించి ఆమె కళ్లు మూసుకుంది. వెచ్చగా ఉంది.

పాత మోటారు బోట్ల బేరాలు కుదిర్చే ఆమెకు అంతకంటే చెడ్డ కబురు లేదు. చల్లటి ఇంజనుకు అబద్ధమాడడం చేతకాదు. మొరాయించేది మొరాయిస్తుంది, పొగ కక్కేది కక్కుతుంది. అందుకే జిత్తులమారి అమ్మకందారు, జనం రాకముందే దాన్ని ఓ విడత నడిపి ఉంచుతాడు, దగ్గుమందు తాగించి పాటకు కూర్చోబెట్టినట్టు.

"పొద్దున్నే నడిపారా బాబాయిగారూ?"

షెడ్డు గుమ్మంలో ఉన్న ముసలాయన తడబడలేదు. ఓడల్లో ఇంజన్లు చూసి రిటైరైన మనిషి. "నడిపానమ్మా. రోజూ నడుపుతా. వేడెక్కి పాడవకుండా పైపుతో మంచినీళ్లు పెట్టి, కాసేపు."

"నేనొస్తున్నానని తెలిసి కూడానా?"

"నువ్వొస్తావని దానికేం తెలుసు?"

ఆయన వెనకాల కోడలు నుదురు కొట్టుకుంది. "చెప్పానండీ, వింటేగా! మా ఇంట్లో తెల్లారితే లేపేది కోడి కాదు, ఆ బోటే."

షెడ్డు ఖాళీ చెయ్యడానికి యజమాని పెట్టిన గడువు రేపటితో సరి. రేపు పొద్దున పాత సామాన్ల వ్యాపారి రంపంతో వస్తాడు. ఇంజను ఊడదీసుకుని, మిగతాది ముక్కలుగా కోసేస్తాడు. బోటును బోటుగా కొంటానన్నది ఒక్క ఈత మాస్టారే. ఆయన ఇదివరకు వెచ్చటి ఇంజను చూసి మురిసి కొని, నడినీళ్లలో తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు చేరిన మనిషి. "చల్లగా ఉన్నప్పుడు స్టార్టయిందని తరుగమ్మ తన నోటితో చెబితేనే కొంటా" అన్నాడు.

తరుగమ్మ అన్నది రేవులో ఆమెకు పడ్డ పేరు. ఏ బోటు చూసినా ముందు ఎంత తరిగిందో చెబుతుంది. నీళ్లలో దిగిన మొదటి ఏడాదే ధరలో పావు వంతు నీళ్లపాలు. తర్వాత ఆ జోరు తగ్గుతుంది. వయసు ముదిరాక, ఎవరి చేతిలో ఎలా బతికిందన్నదే దాని ఖరీదు. "మా ఆయనకీ అంతే, నా మీద మోజు మొదటి ఏడాదే పావు వంతు పడిపోయింది. ఆ తర్వాత ఆయన పోయేదాకా అదే ధర నిలబడింది" అని నవ్విస్తుంది. ఆయనున్నన్నాళ్లూ బేరం ఆయనది, తాళ్లు పట్టుకోవడం ఆమెది. తాడు పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎవరూ పట్టించుకోరు. ఎవరేం దాస్తున్నారో చూడడం అలాగే అబ్బింది.

ధరకంటే ఆమెకు మనుషుల మీదే ఆసక్తి. సీటు ఒక పక్కే అరిగిందంటే ఒంటరిగా తిరిగినవాడు. ఇంజను ఎక్కువ తిరగలేదని గొప్పలు పోయేవాణ్ని చూస్తే జాలి. తిరిగి చెడిన బోట్లు తక్కువ, కూర్చుని చెడినవే ఎక్కువ. కానీ లోపం కప్పిపుచ్చడానికి కాక, ఊరికే వినడానికి ఇంజను నడిపే మనిషి ఆమెకు ఇంతవరకు తగల్లేదు. నిజంగా అంతేనా, లేక ఇది కొత్తరకం ఎత్తా?

"సాయంత్రం వస్తా. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు. మీరూనూ."

"ఒట్టు. మొరాయిస్తే?"

"మొరాయించిందనే చెబుతా."

"అలాగే చెప్పు. కోసేస్తే కోసేస్తారు." అంటూనే బోటు అంచు మీద చెయ్యి వేశాడు, ఒట్టు గుర్తొచ్చినట్టు వెంటనే తీసేశాడు.

ఆమె ఇంకో రెండు బోట్లు చూసింది. ఒకదాని అడుగున కొత్త రంగు కింద పాత పగులు గోటికి తగిలింది. రేవు మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పింది. ముద్ద నోట్లో ఉన్నా ధ్యాసంతా ఆ షెడ్డు మీదే.

ఎండ వాలాక తిరిగి వచ్చేసరికి ముసలాయన బోటుకు ఎదురుగా కుర్చీలో ఉన్నాడు, గడ్డం గుండెకు ఆనించి. కోడలు గొంతు తగ్గించింది. "ఎవరైనా ముట్టుకుంటారేమోనని కాపలా అట. కంచం కూడా ఇక్కడికే తెప్పించుకున్నారు. కునుకు పట్టినట్టుంది."

"పడుకోనీ."

కోడలు వాకిట్లోకి వెళ్లాక ఆమె ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. నీళ్ల పైపు తగిలించి తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే అందుకుంది. దగ్గు లేదు, పొగ లేదు. ఇంత నిలకడైన చప్పుడు ఈ మధ్య కొత్త బోట్లలో కూడా వినలేదు.

"విన్నారా బాబాయిగారూ!"

షెడ్డంతా మోగుతున్నా ఆయన కదలలేదు. ఆమె ఇంజను ఆపి దగ్గరికి వెళ్లింది. ఒళ్లో ఉన్న చేతిని తాకి, కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత వాకిట్లోకి చూసి, "ఒకసారి ఇలా రా అమ్మా" అని కోడల్ని పిలిచింది.

ఇల్లు మనుషులతో నిండాక, వీధిలోకి వచ్చి ఈత మాస్టారుకు ఫోన్ చేసింది. "చల్లటి ఇంజను. ఒక్క తిప్పు. రంపం కంటే ముందు మీ ట్రైలరు రావాలి." ముసలాయన మాట ఎత్తలేదు. చావు కబురు కలిస్తే ఎంత నిజమైన ధరైనా బేరమాడడానికి సాకైపోతుంది.

మర్నాడు పొద్దున్నే ట్రైలరు బోటును చెక్కుచెదరకుండా లాక్కుపోయింది. కమిషన్ ఆమె తీసుకుంది. వదిలేస్తే అది ఆ ఇంటికి దానం వేసినట్టవుతుంది.

షెడ్డు తలుపు మూయబోతూ లోపలికి చూసింది. ఇందాకటిదాకా ఇంజను ఉన్న చోట, నేల మీద, కారే నూనె పట్టడానికి పెట్టిన రేకు పళ్లెం ఉండిపోయింది. ఆమె వంగి దాని అడుగున వేలితో రాసి చూసింది. దుమ్మే తప్ప ఒక్క నూనె చుక్క లేదు.