ఒక్కతే పరుగెత్తిన పందెం

నేను ఒక బంగారు పతకాన్ని. ఆ మాట నమ్మి నన్ను గోటితో గీకి చూడకండి. గీకితే బయటపడేది బూడిదరంగు జింకు. దాని మీద పచ్చటి పూత, పూత మీద పరుగెత్తుతున్న మనిషి బొమ్మ, వెనకవైపు ‘ప్రథమ స్థానం’ అన్న అక్షరాలు. హైదరాబాదు పాతబస్తీలో ఒక ఇరుకు కార్ఖానాలో, కరిగిన లోహాన్ని అచ్చుల్లో పోసే ఒక ముసలాయన చేతుల్లో పుట్టాను. నాతోపాటు బుట్టెడుమంది పుట్టారు. మాలో ఎవరు బంగారం, ఎవరు వెండి, ఎవరు కంచు అని ఆయన ముందుగా అనుకోలేదు. ఏ తొట్టిలో ముంచితే దానికి ఆ హోదా. ఈ మనుషులు ఆటగాళ్ళ రక్తం తీసి పరీక్షిస్తారు, మూత్రం పట్టించి పరీక్షిస్తారు. వాళ్ళ మెడలో వేసే నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ పరీక్షించిన పాపాన పోలేదు. మొదట్లో ఆ సంగతి తలుచుకుని నాలో నేను నవ్వుకునేదాన్ని.

రాష్ట్రస్థాయి పోటీలకని మమ్మల్ని అట్టపెట్టెల్లో ఒక పెద్ద స్టేడియానికి తెచ్చారు. నా వంతు ఆడవాళ్ళ ఎనిమిది వందల మీటర్ల పరుగు. అందులో గెలిచినవాళ్ళకు జాతీయ శిబిరంలో చోటు దొరుకుతుంది. నేను ఎవరి మెడలో పడబోతున్నానో పందెం మొదలుకాకముందే అందరికీ తెలుసు. నన్ను పళ్ళెంలో సర్దిన గుమాస్తా అయితే “ఇది భాగ్యమ్మది” అని తేల్చేశాడు.

భాగ్యది జగిత్యాల వైపు ఊరు. దేశం తరఫున బయటి దేశాల్లో పరుగెత్తి వచ్చిన మనిషి. ఆమె వెనకే, అదే ప్రాంతం నుంచి, భాగ్యకు పరుగు నేర్పిన నర్సింగరావు సార్ దగ్గరే తయారైన ఇంకో పిల్ల ఉంది. పేరు స్వరూప. తల్లి రాజవ్వ బీడీలు చుట్టి ఆ పిల్లను సాకింది. స్వరూప మొదట వేసుకున్న ముళ్ళబూట్లు భాగ్య వేసుకుని వదిలేసినవే. ఊపిరి ఎక్కడ తీయాలో, చేతులు ఎట్లా ఆడించాలో నేర్పిందీ భాగ్యే. కొన్నేళ్ళుగా ప్రతి పందెంలో భాగ్య మొదట, స్వరూప రెండు. ఆ పిల్ల ఇంట్లో ఒక రేకు పెట్టె నిండా వెండి పతకాలు ఉండేవి. తరవాత నేను చాలాకాలం వాటి మధ్యే పడి ఉన్నాను కాబట్టి ఈ కథంతా వాటి నోటి నుంచే విన్నాను.

స్వరూపకు పరుగు ఒక్కటే పద్ధతిలో వచ్చు. భాగ్య వెనక చేరి, ఆమె జడకు కట్టిన ఎర్ర రిబ్బను మీద చూపు నిలిపి, ఆమె ఎంత వేగం పోతే అంత వేగం పోవడం. చివరి మలుపు దగ్గర మొదటి లైను నుంచి రెండో లైనులోకి జరిగి, ఉన్న బలమంతా పెట్టి ఆమెను దాటాలని చూడడం. ఎన్నడూ దాటలేదు. అయినా ప్రతిసారీ ఇంకాస్త దగ్గరికి వచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి భాగ్యక్కను దాటితే చాలు, ఆ తరవాత పరుగు మానేసినా పరవాలేదని తల్లితో అనేదట.

ఫైనల్ పందెం రోజు పొద్దున ఒక తెల్ల కారు వచ్చి స్టేడియం ముందు ఆగింది. అందులోంచి ముగ్గురు దిగారు. చేతుల్లో పెట్టెలు, మెడలో గుర్తింపు కార్డులు. మందులు వాడినవాళ్ళను పట్టుకునే పరీక్షలవాళ్ళు. ఆ వార్త మైదానంలో ఎంత వేగంగా పాకిందో, అంత వేగంగా ఆ పోటీల్లో ఎవరూ పరుగెత్తలేదు. పందానికి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. మొదటి పిల్లకు కాలు పట్టేసిందన్నారు. రెండో పిల్లకు కడుపునొప్పి. ఇంకో పిల్లకు మేనమామ పోయాడని కబురు వచ్చింది. ఒక పిల్ల అప్పటిదాకా నా పళ్ళెం ముందే కాళ్ళు సాగదీస్తున్నది కాస్తా సంచి భుజాన వేసుకుని గోడ వైపు నడిచింది. నాకు నవ్వొచ్చింది. భాగ్య పేరు పిలిచినప్పుడూ ఎవరూ పలకకపోయేసరికి నా నవ్వు ఆగిపోయింది.

గీత దగ్గర స్వరూప ఒక్కతే నిలబడి ఉంది. అటూ ఇటూ చూసి, “సార్, భాగ్యక్క ఏది?” అని అడిగింది.

నర్సింగరావు సార్ నేల చూపులు చూస్తూ, “దానికి కాలు వట్టింది. నువ్వు ఉరుకు. ఒక్కదానివైతేంది, మెడల్ మెడలే గదా” అన్నాడు.

తుపాకి పేలింది. ఆ పిల్ల పరుగు మొదలుపెట్టింది. ముందు ఎర్ర రిబ్బను లేదు. ఎంత వేగం పోవాలో చెప్పేవాళ్ళు లేరు. కొంతదూరం మరీ వేగంగా పోయింది, తరవాత మరీ నెమ్మదించింది, దారి తెలియని మనిషిలా రెండుసార్లు పక్కకు చూసింది. రెండో చుట్టు చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి, అలవాటు కొద్దీ, మొదటి లైను నుంచి రెండో లైనులోకి జరిగింది. ఎదురుగా ఎవరూ లేరు. ఎవరినో పక్కనుంచి దాటుతున్నట్టు, పళ్ళు బిగించి, చివరి గీత దాకా పరుగెత్తింది. మెట్ల మీద కూర్చున్నవాళ్ళు గొల్లున నవ్వారు. “ఎవర్ని దాటుతున్నవమ్మా?” అని ఒకతను అరిచాడు. నేను ఆ నవ్వులో కలవలేకపోయాను.

మూడు మెట్ల బల్ల మీద పై మెట్టు ఎక్కించి నన్ను ఆమె మెడలో వేశారు. అటుపక్క మెట్టూ ఇటుపక్క మెట్టూ ఖాళీ. ఇంకో పందానికి పనికొస్తాయని వెండినీ కంచునూ గుమాస్తా మళ్ళీ పెట్టెలో వేసుకున్నాడు. ఆమె కిందికి దిగగానే పరీక్షలవాళ్ళు వచ్చి పక్కన నిలబడ్డారు. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళకు దొరికింది పారిపోని మనిషి ఒక్కతే. ఒంట్లో నీరంతా చెమటగా పోయింది కాబట్టి పరీక్షకు కావలసిన మూత్రం రాక, సీసాల కొద్దీ నీళ్ళు తాగుతూ సాయంత్రం దాకా ఆ గదిలో కూర్చుంది. ఆమె మెడలో నేను. ఒకమ్మ వెనకాలే కాపలా.

మర్నాడు పేపర్లో వార్త పడింది. మందుల పరీక్షకు భయపడి క్రీడాకారులు పరార్ అని పెద్ద అక్షరాలు. దాని కింద ఫోటో ఉంది. పారిపోయినవాళ్ళ ఫోటోలు ఎక్కడి నుంచి వస్తాయి? ఉన్నది స్వరూప ఒక్కతే, పరీక్షలవాళ్ళ మధ్య నడిచి వెళ్తూ. ఆ ఫోటోనే వేశారు. వార్త చదివేవాళ్ళు కొందరే, బొమ్మ చూసేవాళ్ళు అందరూ. ఊళ్ళో బస్సు దిగేసరికే ఆమె ‘మందులు మింగి దొరికిన పిల్ల’ అయిపోయింది.

రాజవ్వ బీడీల చాట పట్టుకుని వాకిట్లోకి వచ్చి వాడంతా వినేట్టు అరిచింది. “నా బిడ్డ నిలవడ్డది గాబట్టే ఫోటో దొరికింది! ఉరికిపోయినోళ్ళ ఫోటో ఎట్ల దొరుకుతది? గింత ఇగురం, గింత తెలివి లేదా మీకు?” గొంతు పోయేదాకా తిట్టి లోపలికి వచ్చి, తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది. తరవాత తల ఎత్తకుండానే అడిగింది.

“నిజం చెప్పు బిడ్డా. నువ్వేమన్న తిన్నవా?”

స్వరూప లేచి నిలబడింది. మెడలోంచి నన్ను తీసి, రేకు పెట్టెలో వెండి పతకాల మధ్య పడేసి మూత వేసింది. బయట ఆమె ఏడుపు వినిపించింది. నాకు చేతులుంటే ఆ మూత నెట్టుకుని వచ్చేదాన్ని.

ఆమె ఏ మందూ వాడలేదని పరీక్షల కాగితం కొన్నాళ్ళకు వచ్చింది. దాన్ని ఏ పేపరూ వేయలేదు. టైము చాలదు, పోటీ లేని పరుగును లెక్కలోకి తీసుకోలేమని శిబిరంవాళ్ళు చెప్పారు. కాలినొప్పి తగ్గాక భాగ్య ఇంకో రెండేళ్ళు పరుగెత్తింది, ఎన్నడూ దొరకలేదు, సన్మానాలతో విరమించుకుంది. స్వరూప ఆమె మీద ఒక్క మాట ఎవరితోనూ అనలేదు. ఏమని అంటుంది? కళ్ళతో చూసింది ఏమీ లేదు. కానీ సెలవు రోజుల్లో పెట్టె తెరిచి వెండి పతకాలను ఒక్కొక్కటే తీసి చూసేది. ఇది బంగారం కావలసిందేనా, ఇది కూడానా అని వాటినే అడుగుతున్నట్టు ఉండేది. పాపం, వాటికి మాత్రం ఏం తెలుసు?

ఏళ్ళు గడిచాయి. స్వరూప ఆడపిల్లల గురుకులంలో ఆటల టీచరు అయింది. ఆటల గది తాళంచెవి చిన్నది, ఎక్కడో జారిపోతున్నదని నన్ను దానికి కట్టింది. అట్లా నేను మళ్ళీ వెలుగు చూశాను. రోజూ ఆమె పిడికిట్లో నలిగి నా పూత పోయింది. బొమ్మలోని మనిషికి ముఖం అరిగిపోయింది. నిజం చెప్పొద్దూ, మెడలో వేలాడిన ఆ ఒక్క పూట కన్నా నాకు ఈ బతుకే నచ్చింది.

బడిలో ఆటల పండగ వచ్చింది. ముఖ్య అతిథిగా ఎవరిని పిలిచారో గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూసి నాకు తెలిసింది. భాగ్య కారు దిగింది. ఒళ్ళు చేసింది, జుట్టు కత్తిరించుకుంది. స్వరూపే శాలువా కప్పాలి, కప్పింది. ఎండగా ఉంది, కాసేపు నీడన కూర్చుంటానంటే ఆటల గది తెరిచింది. ఇద్దరే మిగిలారు. బల్ల మీద తాళంచెవి పక్కన పడి ఉన్న నన్ను భాగ్య చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

“గా దినందేనా?”

“అవునక్కా.”

భాగ్య నన్ను కింద పెట్టలేదు. స్వరూపే ముందు నోరు తెరిచింది.

“ఒక్కటి అడుగుత. కోపం జేయకు. మొదటి సంది మందులు తీసుకున్నవా? మల్ల మల్ల గదే ఆలోచన అక్కా నాకు. నిద్ర వట్టది.”

భాగ్య నన్ను బొటనవేలితో రుద్దుతూనే ఉంది. “సార్ సూది ఇచ్చేటోడు. బలానికి అనేటోడు. ఏందని నేను అడగలే. అడిగితే తెలుస్తదని అడగలే.”

“మరి నాకెందుకు ఇయ్యలే?”

“ఇస్తనన్నడు. నేనే వద్దన్న.”

“ఎందుకక్కా?”

“నీ మంచికే వద్దన్ననని ఇన్నేండ్లు అనుకున్న పిల్లా.” ఆమె నన్ను రుద్దడం ఆపింది. “నువ్వు నన్ను దాటిపోతవని బుగులయిందో ఏమో. ఇప్పుడు ఎంత యాది జేసుకున్నా నాకే ఎర్కయితలేదు.”

స్వరూప కిటికీ వైపు తిరిగి నిలబడింది. తాను మచ్చ లేని మనిషినన్న ఒక్క ధైర్యంతో ఇన్నాళ్ళూ ఆ నవ్వుల్ని, ఆ ఫోటోను మోసింది. ఆ ధైర్యం కూడా ఒకరు పెట్టిన భిక్షేనా, లేక అప్పట్లో తనకూ సూది ఇస్తానంటే తాను వద్దనేదేనా, అది ఆమెకు ఎప్పటికీ తెలియదు. నాకు చాలా బాధేసింది. జింకు ముక్కకు బాధేమిటని మీరు అనుకోవచ్చు, అనుకోండి.

బయట పిల్లల పందానికి పిలుపు వచ్చింది. భాగ్య లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“ఆ దినం నేను ఎటూ వోలే స్వరూపా. గేటు అవతల నిలవడి ఇనుప జాలీ సందులకెల్లి చూసిన. అందరు నవ్విండ్రు. ఆకరి మలుపుకు నువ్వు రెండో లైన్లకు జరిగినవ్. నన్ను దాటేతందుకే గదా?”

స్వరూప తల ఊపింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి తెలిసిన మనిషి ఈమె ఒక్కతే.

“దాటినవా?”

స్వరూప కళ్ళ నిండా నీళ్ళు.

“ఏమో అక్కా. నువ్వు లేవు గదా.”

భాగ్య నన్ను తెచ్చి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, బయటికి వెళ్ళిపోయింది. మైదానంలో చప్పట్లు మోగాయి. పళ్ళెంలో కొత్త పతకాలు పచ్చగా మెరుస్తున్నాయి, ఒక్కటీ ఇంకా ఏ మెడా ఎక్కలేదు. స్వరూప గదికి తాళం వేసి, నన్ను పిడికిట్లో పట్టుకుని, పిల్లలు పరుగెత్తబోయే గీత దగ్గరికి నడిచింది.