కాళ్ల కింద అప్పడాల కర్ర

మా ఆయనకి ముక్కు మీదే కోపం. నాకేమో నోరు ఊరుకోదు. మా ఇద్దరి కార్ఖానా అంటే అద్దె షెడ్డు, ఒక లేత్ మిషన్, మోకాలెత్తు రంపపు పొట్టు. పదేళ్లు వాళ్లన్నయ్య కార్ఖానాలో చాకిరీ చేసి, మాటలు పడలేక బయటికొచ్చి పెట్టుకున్నాం. మొదటి సరుకే దేశం కాని దేశంలో ఒకావిడ కొట్టుకి వెళ్లింది. నున్నటి అప్పడాల కర్రలు! ఎవరు కనబడినా "మాది ఎగుమతి" అంటూ ఈయన ఒకటే కోతలు.

ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండో ఆర్డరు రాకపోతే మళ్లీ బావగారి పంచన చేరాల్సిందే. "నెలాఖరుకి వచ్చేయరా, నీ స్టూలు అలాగే ఉంచాను" అని ఆయన ఫోన్ చేసి మరీ దెప్పారు. ఈయనకి అన్నం సహించడం మానేసింది.

నాకు ఒళ్లు మండింది. అడిగితే పోయేదేముంది? అక్కడి కొట్టావిడకి నేనే వీడియో కాల్ చేశాను. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే కాబట్టి ఇద్దరికీ బాగానే అర్థమైంది. కర్రలన్నీ అమ్ముడుపోయాయట! కానీ పిండి ఒత్తడానికి కాదు. జనం వాటిని నేల మీద పెట్టి, నొప్పులు తగ్గడానికి పాదాలతో దొర్లిస్తున్నారట.

"మరీ నున్నగా ఉండి జారుతున్నాయి. పిడులు తీసేసి, గాట్లు పెట్టి చేస్తారా? మీరేమనుకుంటారోనని ఇన్నాళ్లూ అడగలేదు" అంది పాపం.

విని ఈయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నా పనితనం కాళ్ల కిందా? అన్నయ్య చెప్పినట్టు చేయలేకే కదా వచ్చాను. ఇప్పుడు ఈవిడ చెప్పినట్టు చేయాలా? తేడా ఏముంది?"

"ఉంది మహానుభావా! ఆవిడ చేస్తారా అని అడిగింది. మీ అన్నయ్య ఏనాడైనా అడిగారా?"

విసవిసా షెడ్డులోకి వెళ్లాడు. కాసేపటికి మిషన్ మోగింది. గాట్లు పెట్టిన కర్ర తెచ్చి నా ముందు పడేసి, "దొర్లించి చూడు" అన్నాడు ముభావంగా. కాలు పెట్టాను. అబ్బ, ప్రాణం లేచొచ్చింది!

"గుచ్చుకుంటోందా?"

"మడమ దగ్గర కాస్త."

మళ్లీ చెక్కాడు, మళ్లీ దొర్లించాను. నా పాదాలు కందిపోయాయి గానీ ఆయన కోపం మాత్రం ఎటో పోయింది.

నమూనాలు పంపితే మొదటిదానికి మూడింతల ఆర్డరు వచ్చింది. ఈయన ఎగిరి గంతేసి ఒప్పుకోబోతుంటే నేనే ఆపి, విడతలవారీగా పంపుతామని చెప్పించాను. చేతకానిది నెత్తినేసుకుని మాట పోగొట్టుకుంటామా? ఆవిడా సరేనంది.

నెలాఖరున బావగారి ఫోన్. "ఏరా, ఎప్పుడొస్తున్నావు?"

కోతలు మొదలెడతాడనుకున్నాను. ఈయన లేచి నిలబడి, "రాలేనన్నయ్యా, పనుంది" అన్నాడు మెల్లగా. ఫోన్ పెట్టేసి అటు తిరిగిపోయాడు. కళ్లు తుడుచుకుంటున్నాడని తెలిసి నాకూ ఏడుపొచ్చేసింది.