రెండో స్విచ్చి

"నేను కలిపి పెడతానంటే వద్దు, స్పూనిస్తే వద్దు. ఇన్నాళ్లూ పెడితే తిన్నారు, మూడు రోజుల్నుంచి ఇదే గొడవ. ఇంకెట్లా తింటారండీ?" అంది నజీమా.

"ఎడంచేత్తో అన్నమేంటే?" అన్నాడు బాబ్జాన్. "అమ్మ చూస్తా ఉంది."

"నేనేం చూడట్లేదురా. తిను," అంది గోడవైపు తిరిగి కూర్చున్న వాళ్లమ్మ.

బాబ్జాన్ కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది; ఆ చేత్తో దేన్నీ గట్టిగా నొక్కలేడు. పద్నాలుగేళ్లుగా ఆటోనగర్‌లో లారీ మడ్‌గార్డుల షెడ్డులో పని. అక్కడ రేకులు వంచే ప్రెస్సు, రెండు చేతులతో రెండు స్విచ్చులు నొక్కితేనే దిగాలి. పని త్వరగా తెమలాలని ఓనరు వెంకటకృష్ణారావు ఒకదాన్ని తీయించేశాడు. మూడు నెలల క్రితం బాబ్జాన్ రేకు సర్దుతుండగా, మిగిలిన స్విచ్చికి ఎవరిదో మోచెయ్యి తగిలింది.

పరిహారం అడిగితే ఓనరు తరఫు డాక్టరు కాగితం రాశాడు, తేలికపాటి పని చేయగలడని. ఆ పని చేయనంటే పరిహారం మాటెత్తొద్దన్నాడు ఓనరు. ఇవాళే మొదటి రోజు. సగం తిని లేచాడు బాబ్జాన్.

మధ్యాహ్నం కేరేజీ పట్టుకెళ్లిన నజీమా ఆ తేలికపాటి పనేమిటో చూసింది. అదే ప్రెస్సు. స్టూలు మీద బాబ్జాన్, ఎడంచెయ్యి స్విచ్చి మీద. ఎదురుగా తోటి పనివాడు యేసుకుమార్ రెండు చేతులూ ప్రెస్సు కింద పెట్టి రేకు సర్దుతున్నాడు. అతను చేతులు తీసి "ఊఁ" అంటేనే నొక్కాలి. షెడ్డు మోతలో ఆ "ఊఁ" వినపడటం లేదు. బాబ్జాన్ అతని పెదాల వంకే చూస్తూ చెమటలు కక్కుతున్నాడు.

అన్నాల వేళ షెడ్డులో పనిచేసే పన్నెండుమందీ మూగారు.

"ఒక్క స్విచ్చి ఉండబట్టేగా భాయ్‌కి పని దొరికింది," అన్నాడు పెద్దవాడు బసవయ్య. "సారు దయ."

"నా చేతులు పణంగా పెట్టి దయేంటి బాబాయ్?" అన్నాడు యేసుకుమార్. "రెండోది పెట్టమందాం."

"పెడితే భాయ్ దేంతో నొక్కుతాడు?"

ఆ ఒక్కదాన్నే ఉండనివ్వండయ్యా అనబోయింది నజీమా. యేసుకుమార్ చేతుల వంక చూసి ఆగిపోయింది.

వెంకటకృష్ణారావు వచ్చాడు. "ఏంట్రా మీటింగు?"

"రెండో స్విచ్చి పెట్టించండి సార్," అన్నాడు యేసుకుమార్.

"పెట్టిస్తా. మీ భాయ్‌ని ఎక్కడ కూర్చోబెట్టమంటావ్, నెత్తిమీదా?"

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. పన్నెండుమందీ తలొంచుకుని పనిలోకి పోయారు. నజీమా మూత తీయని కేరేజీతో ఇంటికొచ్చింది.

సాయంత్రం అందరూ అన్నానికి కూర్చున్నాక బాబ్జాన్ అడక్కుండానే స్పూను అందుకున్నాడు.

"రేపూ పనికెళ్తా," అన్నాడు మెల్లగా. "రాలేదని రాసుకోడానికి వీల్లేకుండా స్టూలు మీదే కూర్చుంటా. రెండోది పెట్టేదాకా నొక్కను. నన్ను లేపి ఎవర్ని కూర్చోబెట్టినా నొక్కరు. పని దిగాక గేటు దగ్గర అందరం అనుకున్నాం."

"బసవయ్య కూడానా?" అంది నజీమా.

"ముందన్నది బసవయ్యే."

కూతురు సిద్రా తండ్రి వైపు తలెత్తింది. "పెట్టేస్తే మీకక్కడ పనుండదుగా అబ్బా?"

"ఉండదమ్మా," అన్నాడు బాబ్జాన్. "అది తెలిసే పెట్టమంటున్నా."