డాక్టరు చేసిన సెట్టు

ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి, అతను పాత పెయింటు బ్రష్షుతో టీవీ పొట్టలోంచి బొద్దింకల పెంట ఊడుస్తున్నాడు. ఎండిన రెక్కలు, గుడ్ల సంచులు, నూనె పట్టిన దుమ్ము కలిసి నల్లటి ముద్దలుగా బల్ల మీద రాలుతున్నాయి. ఎన్నేళ్ళు చేసినా ఈ కంపు అతనికి అలవాటు కాలేదు. జనం ముందువైపు అద్దాన్ని మెత్తటి గుడ్డ పెట్టి మురిపెంగా తుడుచుకుంటారు. వెనక ఏ కాపురాలు పెరుగుతున్నాయో ఒక్కరూ చూడరు. మూత విప్పగానే ఆ ఇంటి వంటగది, ఆ ఇంటి దగ్గు, ఆరని పక్కబట్టలు అన్నీ కలిసి మొహం మీద పడతాయి.

వీధిలో అతన్ని కాంపౌండరు అంటారు. డాక్టరంటే వాళ్ళన్నయ్య, టీవీల డాక్టరు. కంపెనీలు లోపలి తీగల మ్యాపులివ్వని సెట్లని, ఏ దారి ఎక్కడికి పోతుందో అంతుపట్టని సెట్లని అన్నయ్య బతికించి పంపేవాడు. మ్యాపేదీ అని ఎవరైనా అడిగితే, "ఇక్కడుంది" అని కణత మీద వేలితో కొట్టి చూపించేవాడు. అసలు పని దగ్గరికొచ్చేసరికి మాత్రం, "జరగరా, వెలుతురుకి అడ్డం రాకు" అని వీపు తిప్పేసేవాడు. కాంపౌండరు యవ్వనం, నడివయసు ఆ వీపు వెనకే గడిచాయి. స్క్రూలు విప్పాడు, దుమ్ము దులిపాడు, టీలు తెచ్చాడు. మూత మాత్రం అన్నయ్య తనే బిగించేవాడు. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "ముందు వాడికి పని రానివ్వండి" అనేవాడు. పనీ రాలేదు, పెళ్ళీ కాలేదు. ఇప్పుడు డాక్టరు పక్షవాతంతో కొట్టు వెనక గదిలో మంచాన పడి ఉన్నాడు. మాట పడిపోయింది. మ్యాపు ఆ కణత లోపలే ఉండిపోయింది.

ఈ సెట్టు పొద్దున టైలరమ్మ తెచ్చింది.

"డాక్టరు గారు చేసిందే ఇది. నిన్న గుప్పుమని పొగొచ్చింది. గోడంతా మసి. దాని కిందే మా చంటిది పడుకునేది!"

"విప్పి చూస్తానమ్మా."

"నువ్వు చూడటం సరేలే, ఆయన్ని కూడా ఓ మాట అడుగు. సైగ చేసినా చాలు."

బోర్డు బయటికి తీసి బల్బుకి అడ్డంగా పట్టుకున్నాడు. రాగి దారులు చర్మం కింది నరాల్లా కనిపించాయి. మీటరు ముళ్ళు ఆనించి, కుయ్యిమన్నచోటు నుంచి కుయ్యిమన్నచోటికి మెల్లగా నడిచాడు. అన్నయ్య చేసిన పనిని వీపు అడ్డం లేకుండా చూడటం ఇదే మొదలు.

ఒకచోట దారి తెగిపోయి ఉంది. బ్లేడుతో కోసిన కోత. దాన్ని దాటిస్తూ పక్కనుంచి ఓ సన్నటి తీగ, అతుకు చివర తోకలా తిరిగిన సీసం బొట్టు. లోపల ఎక్కడ తేడా వచ్చినా సెట్టు తనంతట తాను ఆగిపోవాలి. ఆ ఆపే దారినే అన్నయ్య తెగ్గోశాడు. రోగం అలాగే ఉంచి మూలుగు మాన్పించాడు.

మూల పడి ఉన్న పాత సెట్లు రెండు లాగి విప్పాడు. అవీ అన్నయ్య చేసినవే. అదే కోత, అదే తోక.

ఇన్నేళ్ళలో ఒక్క మూతైనా విప్పి చూడాలని తనకెందుకు అనిపించలేదు? మోసగాడి తమ్ముడనిపించుకోవడం కన్నా, గొప్పవాడి చేతకాని తమ్ముడిగా ఉండటమే హాయిగా ఉందేమో. ఆ ఆలోచన నోట్లో దూరిన ఈగలా ఉంది. మింగలేడు, ఉమ్మలేడు.

బోర్డు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. వదిన మెత్తగా నలిపిన అన్నం చెంచాతో పెడుతోంది. పెట్టిందాంట్లో సగం బోసినోటి ఓరనుంచి జారి మెడ మడతల్లోకి పోతోంది.

"ఇదేనా అన్నయ్యా, మ్యాపు?"

డాక్టరు చూపు బోర్డంతా పాకి తీగ దగ్గర ఆగింది. పనిచేసే సగం మొహం పైకి లేచింది. గొంతులో గురగురలాడింది. నవ్వు.

"చూశావా, నిన్ను చూసి ఎలా నవ్వుతున్నారో!" అంది వదిన మురిసిపోతూ. "పొద్దుట్నుంచీ నేనెంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు."

"అవును వదినా. నన్ను చూసే."

సాయంత్రానికి ఒక సంగతి తేలింది. బోర్డు లోపలిదాకా కాలింది, ఇక బాగుపడదు. ఓ తీగ అతికిస్తే మాత్రం కొన్నాళ్ళు బొమ్మ వస్తుంది. టైలరమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"బొమ్మ రప్పించొచ్చమ్మా. కానీ మళ్ళీ తగలబడుతుంది. పసిపిల్లున్న గదిలో వద్దు."

"చేతకాదని చెప్పరాదూ, ఈ కబుర్లెందుకు? డాక్టరు గారైతే చిటికెలో చేసిచ్చేవారు. ఇటు తే, అవతలి బజార్లో ఇచ్చుకుంటా."

అవతలి బజార్లో ఎవడో ఒకడు అదే తీగ అతికిస్తాడు. ఆ పిల్ల మళ్ళీ దాని కిందే పడుకుంటుంది.

"ఉండమ్మా. అన్నయ్యనడిగి వస్తా."

వదిన పెరట్లో బట్టలు ఉతుకుతోంది. గదిలో డాక్టరు నోరు తెరుచుకుని ఉన్నాడు. గడ్డం మీద మెతుకు, మెతుకు మీద ఈగ. ఛాతీ కదలడం లేదు. కాంపౌండరు వదినని పిలవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తడిగుడ్డతో మెతుకు తీశాడు, మెడ మడతలు తుడిచాడు. అసహ్యం పోలేదు, చెయ్యి ఆగలేదు. దవడ పైకి నొక్కి వదిలితే మళ్ళీ కిందికి జారింది.

కొట్లోకి వచ్చాడు.

"ఏమన్నారు?" అంది టైలరమ్మ.

"వద్దన్నాడు. పారెయ్యమన్నాడు."

"అదీ మాటంటే! ఆయన వద్దంటే వద్దంతే." ఆవిడ మొహం తేటపడింది. "మంచంలో పడున్నా ఎంత బుర్ర చూడు! పక్కనే ఉండి నువ్వేం నేర్చుకున్నావో మరి, కాంపౌండరూ."

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. నాలుక మీద సీసం రుచి. కటకటమంటూ బోర్డుని నాలుగు ముక్కలు చేసి, అప్పుడు పెరట్లోకి తిరిగి, "వదినా, ఓసారి రా" అని పిలిచాడు.

మనుషులొచ్చారు. డాక్టరంతటివాడు మళ్ళీ పుట్టడన్నారు. మోసుకెళ్ళారు. పరుపు చుట్టేశాక గదిలో మూత్రం కంపు, మందుల కంపు మిగిలాయి. కిటికీ గట్టు మీద, ఎన్నాళ్ళుగానో ఎవరూ నీళ్ళు మార్చని గాజు గ్లాసులో, ఆకుపచ్చటి జిగురు అడుగున, డాక్టరు కట్టుడు పళ్ళు ఒక్క పన్నైనా వంకర లేకుండా తెల్లగా మెరుస్తున్నాయి.