అత్తయ్య హాజరు

మా ఊళ్లో ముసలివాళ్లకు ఫోనే హాజరుపట్టీ. పొద్దున్నే లేచి ఊరి గ్రూపులో ఏదో ఒకటి పంపాలి. పువ్వో, సూక్తో, ఎవరిదో ఉపన్యాసమో. ఎనిమిదైనా ఎవరి నుంచైనా ఏమీ రాలేదంటే వెళ్లి తలుపు తడతారు. పక్కింటి టైలరు బాబాయి స్నానాల గదిలో జారిపడ్డప్పుడు అలాగే బతికి బయటపడ్డాడు. మా అత్తయ్యకు చదువు రాదు. వచ్చినదాన్ని వచ్చినట్టే గ్రూపులోకి తోసేస్తుంది.

పోయిన సోమవారం ఆవిడ తోసింది ఎవరిదో మగగొంతు ఉన్న వాయిస్ మెసేజి. కోడిగుడ్లలో కొత్త రోగం ఉందట, తింటే ఇక అంతేనట.

నాకున్నవి నూట యాభై కోళ్లు. మా ఇల్లు గడిచేది వాటి మీదే. ఆ రోజు గుడ్లకు ఒక్కరూ రాలేదు. మర్నాడూ అంతే. కోళ్లకు ఫోన్లు లేవు గనుక అవి మాత్రం రోజూ పెడుతూనే ఉన్నాయి. పశువుల డాక్టరును బతిమాలి పిలిపించాను. ఏ రోగమూ లేదని కాగితం రాసిచ్చాడు. దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. కింద నాలుగు దండాలు వచ్చాయి. వాటి కింద మళ్లీ అదే మగగొంతు.

ఇల్లిల్లూ తిరిగాను.

"నీ మీద నమ్మకం లేక కాదే అమ్మాయ్," అంది టైలరు పిన్ని. "నిప్పు లేనిదే పొగ రాదు కదా. ఫోన్లో వచ్చింది మరి."

ఈ పుణ్యం ఎవరిదో చూద్దామని గ్రూపును వెనక్కి జరుపుకుంటూ పోయాను. అందరికన్నా ముందు పంపింది మా అత్తయ్యే. నాకు ఒళ్లు మండిపోయింది.

"పంపేముందు ఒకసారి వినొచ్చు కదా అత్తయ్యా!"

ఆవిడ బిక్కమొహం వేసింది. "నేనేం విన్నానే? పొద్దున్నే పంపాలి, పంపాను. పంపకపోతే పోయాననుకుంటారు."

ఇక పంపొద్దని ఏ నోటితో చెప్పను? రోజంతా ఊరవతల కోళ్ల షెడ్డులో ఉండేదాన్ని నేను, ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం, మిగిలిపోయిన గుడ్లలో రెండు ఉడకబెట్టి చెరొకటి వడ్డించాను. అత్తయ్య తన గుడ్డును వేలితో కంచం అంచుకు జరిపింది.

"నువ్వన్నావని ఇవాళ కూర్చుని మొత్తం విన్నానే," అంది గొంతు తగ్గించి. "ఐదుగురు పంపారు నాకు. అబద్ధమైతే అంతమంది ఎందుకు పంపుతారు?"

ఆ ఐదుగురికీ అది ఆవిడ దగ్గర్నుంచి వెళ్లిందే. చెప్పబోయాను. ఈలోగా ఆవిడ చెయ్యి చాపి, నా కంచంలోని గుడ్డు కూడా తీసి పక్కన పెట్టింది.

"నువ్వూ తినకే తల్లీ. నీకేమన్నా అయితే నాకెవరున్నారు?"