ప్రమోద ఒడిబియ్యం

ఏటి ఒడ్డున ఉన్న అణు కరెంటు కేంద్రం ఆయుష్షు తీరిపోయింది. దాన్ని ఇంకో ఇరవై ఏళ్లు నడుపుకోవడానికి లైసెన్సు కావాలంటూ, జనం ఏమంటారో వినడానికి పంజాగుట్టలో ఏసీ హాలు మాట్లాడి సభ పెట్టారు. ఊళ్లో పెట్టాల్సిన సభ నగరంలో ఎందుకని అడిగినవాడికి టీ ఇచ్చి కూర్చోబెట్టారు. అమీర్‌పేటలో టైలరింగ్ షాపున్న నరేందర్ మాత్రం కూర్చునే రకం కాదు. వద్దనేవాళ్ల తరఫున మైకు అందుకుని, "మా అత్తగారూరు దాని గోడ పక్కనే ఉంది. గా నీళ్లతోని పండిన బియ్యం నేను ముట్ట, నా బిడ్డకు పెట్ట" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. సాయంత్రానికల్లా ఆ మాట అందరి ఫోన్లలోకీ ఎక్కింది.

అతను చూసుకోనిదల్లా అవతలి వరసలు. అక్కడ, కేంద్రం వాళ్లు బస్సులో తెచ్చిన కాంట్రాక్టు కూలీల మధ్య, చెయ్యెత్తమన్నప్పుడల్లా ఎత్తుతూ అతని భార్య ప్రమోదకు సొంత అన్న సాయిలు కూర్చున్నాడు. నెల తిరిగితే ప్రమోదకు ఒడిబియ్యం.

ఒడిబియ్యమంటే తమాషా కాదు. పెళ్లైన ఐదో ఏట ఆడపిల్ల పుట్టింటికి పోతే, వాళ్లు తమ చేను బియ్యానికి పసుపు కలిపి ఆమె ఒడి నింపుతారు. వాటిని తెచ్చి అత్తింట్లో వండి నలుగురికీ పెట్టాలి. ఆ బియ్యం వద్దంటే పుట్టిల్లు వద్దన్నట్టే. తల్లీతండ్రీ లేని ప్రమోదకు పుట్టిల్లంటే సాయిలన్న, రజని వదిన, వాళ్ల పిల్లలు. అంతే.

నరేందర్ ఆ ఊరికి పంపనని తేల్చేశాడు. "చెల్లె రాకుంటె మేమే వస్తం" అని సాయిలు ఫోన్ చేశాడు.

"వాళ్లు తెచ్చేది తెస్తరు" అంది అత్త చంద్రావతి. "వండకుంటె అరిష్టం. వండితె నా కొడుకు మాట పోతది. నువ్వే సోంచాయించుకో బిడ్డా."

ఆలోచించుకోవడానికి మిగిలిందేముంది? వండితే మొగుడు పదిమందిలో పలచనవుతాడు, వండకపోతే అన్న పరాయివాడవుతాడు. పైగా బిడ్డ కంచం ఒకటి ఉండనే ఉంది. మొగుడి మాట నిజమేనేమోనని ఆమెకూ లోపల్లోపల భయమే. ఆ నీళ్లు తాగే పెరిగింది మరి.

ఆదివారం పొద్దున సాయిలు, రజని మెట్రో స్టేషన్ దగ్గర షేరాటో దిగి, సంచి మోసుకుంటూ వచ్చారు. "ఏం బావా, మంచిగున్నవా" అన్నాడు నరేందర్. సంచి వైపు మాత్రం చూడలేదు. ప్రమోదను పీట మీద కూర్చోబెట్టి, కొంగులో ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు పెట్టి, రజని దోసిళ్లతో బియ్యం పోయసాగింది.

మొదటి దోసిలికే ప్రమోద ఉలిక్కిపడింది. వాళ్ల చేలో పండేది దొడ్డు బియ్యం. ఊరి మిల్లులో పట్టించాక కూడా తవుడు వాసన వదలవు. ఒళ్లో పడుతున్నవి సన్నగా, నున్నగా ఉన్నాయి. పసుపు పూసినంత మాత్రాన గింజ మారదు కదా.

వంటింట్లోకి పోగానే అన్నను పిలిచింది. "ఇవి మన బియ్యం కావు."

సాయిలు ఒకసారి గుమ్మం వైపు చూశాడు. "షాపుల కొన్న. ఈడనే, అమీర్‌పేటల."

"ఎందుకన్నా?"

"నీకు సుత బిడ్డ ఉన్నది కద."

"మరి మీరేం తింటున్నరు?"

"మనయే. కొననీకె ఎవ్వడొస్తలేడు, ఇంట్లనే ఉన్నయి." గొంతు తగ్గించాడు. "బావకు చెప్పకు. మైకుల చెప్తడు. కాంట్రాక్టర్‌కు తెలిస్తె తెల్లారి నేను గేటు బయటనే."

ప్రమోదకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు. ఒక్క మాట చెబితే మొగుడు కడుపునిండా తింటాడు, వచ్చినవాళ్లూ తింటారు, ఇల్లు చల్లబడుతుంది. ఆ ఒక్క మాటే చెప్పకూడదు. ఎసట్లో బియ్యం పోసింది.

విస్తళ్లు వేశారు. నరేందర్‌కు ఆకలి లేదట. బిడ్డకు బండి మీద ఇడ్లీ తినిపిస్తానని ఎత్తుకుని బయటికి పోయాడు. పక్క వాటా వసుమతిగారిది గోదావరి వైపు. "ఏంటమ్మా, ఇవి ఆ ఊరి బియ్యమేనా? నాకివాళ ఉపవాసం" అంటూ లేచిందావిడ. అంతకుముందే రెండు గారెలు తిన్న సంగతి గుర్తున్నట్టు లేదు. మిగిలినవాళ్లు విస్తట్లో గెలికి వదిలేశారు.

"మా చేను బియ్యమే. ఏమైతది, మేం తింటలేమా" అని గట్టిగా అంటూ సాయిలు ముద్దలు కలిపాడు. అంత ఆకలిగా అబద్ధమాడినవాణ్ణి ప్రమోద ఎన్నడూ చూడలేదు.

గిన్నెడన్నం మిగిలిపోయింది. బయల్దేరే ముందు రజని వంటింట్లోకి వచ్చి, సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి ముందు పెట్టింది. పోసిన ఒడిబియ్యం పుట్టింటికి తిరిగి పోకూడదు. ఆ సంగతి రజనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"తప్పే, నాకెరుకనే" అంది తలెత్తకుండా. "పిల్లలకు గింత కట్టియ్యి ప్రమోదా. ఒక్క పూటన్న గీ బియ్యం తింటరు."

ప్రమోద అన్నం ఒత్తి ఒత్తి పెట్టింది. మూత పట్టలేదు. కళ్లు తుడుచుకుని, ఇంకో డబ్బా కోసం అటక మీదికి చెయ్యి చాపింది.