మొదటి వరస

కాన్పుల వివరాలు రాసే కాగితం తీసి, జనాభా పరిశోధకురాలు పిల్లలెందరని అడిగింది. ముసలావిడ నోరు విప్పేలోపే కొడుకు అందుకున్నాడు.

"ముగ్గురమండి. నేనే పెద్దవాణ్ణి."

మొదటి వరసలో అతని పేరు పడింది. ముసలావిడ ముందుకు వంగింది. తనకు తలకిందులుగా కనిపిస్తున్న ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివింది. 'పుట్టి ఏడ్చి, తర్వాత పోయిన బిడ్డలు' అని అక్కడొక ప్రశ్న ఉంది.

"నలుగురు," అంది.

"ఇప్పుడా సంగతెందుకమ్మా? గంటైనా బతకలేదంటగా."

"రెండు గంటలు. గడియారం నా కళ్లెదురుగానే ఉంది. పుట్టగానే గుక్కపట్టి ఏడ్చింది. నువ్వయితే నర్సు రెండు చరిస్తేగానీ నోరు తెరవలేదు. ఇప్పుడేమో మూయవు."

పరిశోధకురాలు నవ్వాపుకుంది. "ఏడిస్తే లెక్కలోకి వస్తుందండి. పేరు?"

"పెట్టనివ్వలేదు. పోయినదానికి పేరెందుకు, మరిచిపో అన్నారు. యాభై మూడేళ్లు వాళ్ల మాట విన్నాను, చాలు. పాప అని రాయి."

"చివర్లో రాసేయండి," అన్నాడు కొడుకు.

"పుట్టిన వరసలోనే రాయాలండి." అతని పేరు కొట్టేయబోతూ ఆమె అతనివంక చూసింది.

"వాడి మొహం చూస్తావేం తల్లీ? కన్నది నేను. కొట్టెయ్. అక్క తర్వాతే తమ్ముడు."

ఇన్నేళ్లూ పెద్దవాడిగా పెత్తనం చేసిన కొడుకు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ముసలావిడ మొదటి వరస పక్కన వేలు ఆనించింది. ఆ రెండక్షరాలూ పడేదాకా తియ్యలేదు.